మరలు ఆసరా మాత్రమే.. అతకాల్సింది ఎముకే!
వెన్నెముక స్థిరీకరణ శస్త్రచికిత్సపై అవగాహన అవసరం

యాగంటి (బనగానపల్లె): యాగంటి ఉమామహేశ్వరస్వామి క్షేత్రం పరిసరాల్లోని బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల మండలాల్లో నాపరాతి గనులు, పాలిష్ యూనిట్లు ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. గంటల తరబడి వంగి పనిచేయడం, బరువైన బండలు ఎత్తడం, గని అంచుల్లో నడవడం ఇక్కడి కార్మికులకు నిత్యకృత్యం. పైనుంచి జారిపడినా, మీద బండ పడినా వెన్నెముక విరిగే ప్రమాదముంది. అటువంటి క్షతగాత్రుల్లో కొందరికి వైద్యులు స్థిరీకరణ శస్త్రచికిత్సను సూచిస్తారు. 'వెన్నులో రాడ్లు వేయడం' అని పల్లెల్లో చెప్పుకొనేది దీనినే. ఆపరేషన్ చేయిస్తే కాళ్లు పడిపోతాయన్న భయం కొందరిది. రాడ్లు వేశారు గనుక అంతా నయమైందన్న ధీమా మరికొందరిది. ఈ రెండూ సరికావు.

ఏం చేస్తారు?
వెన్నెముకలో 33 పూసలుంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 ఉండగా, దిగువనున్న 9 పెద్దవారిలో కలిసిపోయి ఉంటాయి. పూసల నడుమ మార్గంలో వెన్నుపాము, నరాలు సాగుతాయి. ఎత్తు నుంచి పడినవారిలో ఛాతీ భాగం నడుముతో కలిసేచోట పూసలు ఎక్కువగా విరుగుతాయి. విరిగిన పూస నిలకడ తప్పితే నరాలు నలిగిపోతాయి. అందుకే దానికి పైన, కింద ఉన్న పూసల్లో లోహపు మరలు బిగించి, కడ్డీలతో కలుపుతారు. అవసరాన్ని బట్టి నరాలపై ఒత్తిడిని తొలగిస్తారు. పూసలు శాశ్వతంగా అతుక్కోవాల్సిన చోట ఎముక ముక్కలను అమరుస్తారు.

ఈ విధానం కొత్తదేమీ కాదు. క్షయతో దెబ్బతిన్న వెన్నెముకలకు 1911లోనే న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఆల్బీ, రసెల్ హిబ్స్ వేర్వేరుగా పూసలను అతికించే శస్త్రచికిత్సలు చేశారు.

అందరికీ కాదు
నడుము నొప్పి ఉన్నవారందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. డిస్క్ జారి నొప్పి వచ్చినవారిలో అధికులకు మందులు, వ్యాయామంతోనే ఉపశమనం లభిస్తుంది. నిలకడ తప్పిన విరుగుడు, నరాలను నొక్కే పూస జారుడు, క్షయ లేదా కణితితో పూస పాడవడం వంటి సందర్భాల్లోనే స్థిరీకరణ గురించి ఆలోచిస్తారు. వెన్నుపాము అప్పటికే పూర్తిగా దెబ్బతిని ఉంటే రాడ్లు దానిని తిరిగి బాగుచేయలేవు.

కోలుకునేదెప్పుడు?
నరాలు బాగున్నవారిలో చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే లేపి నడిపిస్తారు. అయితే ఎముక అతకడానికి 3 నుంచి 6 నెలలు, కొందరికి ఏడాది వరకూ పడుతుంది. అంతవరకు భారం మోసేది మరలే. ఎముక అతకకముందే బండలెత్తితే మరలు వదులవ్వచ్చు, కడ్డీలు విరగవచ్చు. వైద్యులు అనుమతించేవరకు వంగడం, నడుము తిప్పడం, బరువులెత్తడం మానాలి. రోజూ కొద్దికొద్దిగా నడక పెంచుకోవాలి. బీడీ, సిగరెట్లు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. మధుమేహం అదుపులో లేకుంటే గాయం చీము పట్టే ముప్పు పెరుగుతుంది.

తక్షణం ఆసుపత్రికి..
జ్వరం, గాయం నుంచి చీము, కాళ్లలో కొత్తగా బలహీనత, తొడల మధ్య స్పర్శ తగ్గడం, మలమూత్రాలపై పట్టు తప్పడం, పిక్క వాపు, ఆయాసం కనిపిస్తే జాప్యం తగదు.

ప్రమాద స్థలంలో..
పడిపోయిన వ్యక్తిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తడం, కూర్చోబెట్టడం, ఆటోలో కుదించి తరలించడం వెన్నుపాముకు మరింత చేటు. తల, మెడ, నడుము కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేయాలి. తిప్పక తప్పని పరిస్థితిలో నలుగురైదుగురు కలిసి శరీరమంతా ఒకేసారి, ఒకే వరుసలో తిప్పాలి. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఆ తొలి నిమిషాల్లో కలిగిన నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు.