పన్ను పీకించుకున్నాక మొదటి మూడు రోజులు జాగ్రత్త

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చికి పేరు. సీజన్‌లో హమాలీలకు ఒక్క రోజు పని పోయినా ఇల్లు గడవడం కష్టమే. అందుకే పన్ను నొప్పిని చాలామంది మాత్రలతో నెట్టుకొస్తారు. చివరికి పీకించుకుని, మర్నాడే బస్తాలెత్తడానికి వెళ్తారు. కొత్త బాధ అక్కడే మొదలవుతుంది.

పన్ను ఎప్పుడు తీస్తారు?

రూట్ కెనాల్ చేసినా నిలబడనంతగా పుచ్చినప్పుడు, చిగుళ్ల జబ్బుతో పన్ను బాగా కదులుతున్నప్పుడు, జ్ఞానదంతం అడ్డంగా పెరిగి బాధపెడుతున్నప్పుడు తీస్తారు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనేది అపోహ. పంటి నరం వేరు, చూపు నరం వేరు. షుగర్, బీపీ, గుండె జబ్బు, గర్భం, మందుల అలర్జీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

రక్తపు గడ్డే అసలు మందు

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. లోపలి ఎముకను, నరాలను అదే కప్పి ఉంచుతుంది. డాక్టరు పెట్టిన దూదిని అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి. 24 గంటల వరకు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. మొదటి రోజు ఉమ్ములో కొంచెం ఎరుపు కనిపించడం మామూలే. చెంపపై బయటినుంచి ఐసు పెడితే వాపు తగ్గుతుంది. వాపు రెండు మూడు రోజులు పెరిగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది.

చల్లారిన గంజి, పెరుగన్నం, మెత్తటి ఖిచిడీ తినొచ్చు. కారం, వేడి చాయ్ వద్దు. బీడీ, గుట్కా, జర్దా అసలే వద్దు. బరువులెత్తితే మళ్లీ రక్తం కారొచ్చు కాబట్టి రెండు మూడు రోజులు ఆ పని మానుకోవాలి. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, రోజుకు నాలుగైదు సార్లు మెల్లగా నోట్లో తిప్పి వదిలేయాలి.

వుజూ, రోజా

వుజూలో నోట్లో నీళ్లు పోసుకున్నప్పుడు గట్టిగా పుక్కిలించకూడదు. మిస్వాక్ గాయానికి తగలనివ్వొద్దు. రంజాన్‌లో అత్యవసరం కాకపోతే ఇఫ్తార్ తర్వాత తీయించుకోవడం తేలిక. మందులు తప్పనిసరైతే, జబ్బుపడినవారు రోజాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్‌ఆన్‌లోనే (2:184) ఉంది. సందేహముంటే ఇమామ్ సాబ్‌ను అడగాలి.

ఎప్పుడు పరుగెత్తాలి?

రెండు నుంచి నాలుగు రోజుల మధ్య నొప్పి తగ్గాల్సింది పోయి చెవిదాకా గుంజుతూ, నోరు వాసన వస్తుంటే గడ్డ ఊడిపోయి ఉండొచ్చు. దీన్నే డ్రై సాకెట్ అంటారు. పొగతాగేవారికి ఇది ఎక్కువ. డాక్టరు గుంటను కడిగి మందు పెడితే ఉపశమనం వస్తుంది. దూది మార్చి మళ్లీ అరగంట కొరికి పట్టినా రక్తం ఆగకపోతే, జ్వరం, చీము వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వాపు మెడదాకా దిగినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా రాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

చిగురు రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది. ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి. కాబట్టి కట్టుడు పన్నా, బ్రిడ్జా, ఇంప్లాంటా అన్నది డాక్టరుతో ముందే మాట్లాడుకోవడం మంచిది.