ప్రభుత్వ వెబ్‌సైట్లు, గోప్యత (విశాఖపట్నం)

విశాఖపట్నం జిల్లా అధికారిక వెబ్‌సైటు జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) రూపొందించిన ఎస్3వాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ల వేదికపై నడుస్తుంది. కేంద్ర సంస్థలైన పోర్టు అథారిటీ, ఉక్కు కర్మాగారాల సైట్లు వేరు.

గవ్.ఇన్ చిరునామా ప్రభుత్వ సంస్థలకే దక్కుతుంది. దాన్ని నమోదు చేసేది ఎన్‌ఐసీ. సైటును జనానికి తెరిచే ముందు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటర్లు భద్రతా తనిఖీ చేయాలి. రూపం, భాష, దివ్యాంగుల సౌలభ్యం విషయాల్లో 2009 నాటి కేంద్ర మార్గదర్శకాలే ప్రమాణం. 2018లోనూ 2023లోనూ వాటిని సవరించారు. వాటిని పాటించిన సైట్లకు కేంద్ర నాణ్యతా తనిఖీ సంస్థ ఎస్‌టీక్యూసీ ధ్రువపత్రం ఇస్తుంది. అయితే పేజీలో ఉన్న సమాచారానికి బాధ్యత సంబంధిత శాఖదే. గడువు తీరిన ప్రకటనలు, మారిపోయిన అధికారుల వివరాలు అలాగే ఉంటే ధ్రువపత్రం ఉన్నా పౌరుడికి ఒరిగేది తక్కువ.

ఇక ఈ సైట్లలో చేరే వ్యక్తిగత వివరాల సంగతి. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు, అమలు దశలవారీగా సాగుతుంది. ఈ చట్టం ప్రకారం రాయితీలు, ధ్రువపత్రాలు ఇచ్చేందుకు ప్రభుత్వం కొన్ని షరతులతో విడిగా సమ్మతి అడగకుండానే వివరాలు వాడుకోవచ్చు. అసలు చిక్కు ఆ వివరాలను బయటపెట్టేటప్పుడే. సమాచార హక్కు చట్టం (2005) లబ్ధిదారుల వివరాలు బయటపెట్టమంటుంది. ఆ జాబితాలో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు చేరితే పేదవాడికే ముప్పు. పేరు, పథకం, అందిన మొత్తం బయటపెడితే చాలు.