ఉట్టీ, నట్టూ

అమ్మమ్మల కాలంనాటి ఉట్టి గుర్తుందా మీకు? వాసానికి తాడు కట్టి పాలకుండ, దానికింద పెరుగుకుండ వేలాడదీసేవారు. కీలకమంతా ముడిలోనే ఉంది. పైనుంచి కిందిదాకా ఒకటే తాడుండి కుండకో ముడి వేస్తే, ఏ ముడి మోసేది ఆ కుండనే. అలాకాక కింది కుండని తీసుకెళ్ళి పై కుండకే కట్టామనుకోండి, పై ముడి రెండు కుండల్నీ మొయ్యాలి. తాడూ అదే, కుండలూ అవే. బరువు మాత్రం ఆ ముడికి రెట్టింపు!

ఇది నాలాంటి బి.ఏ. వాళ్ళకీ తెలుస్తుంది. అయినా పెద్ద పెద్ద చదువుల వాళ్ళ కన్నుగప్పింది.

అమెరికాలో మిసోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో 1980లో హయత్ రీజెన్సీ హోటల్ తెరిచారు. ముందు హాలు మీదుగా గాలిలో నడకవంతెనలు. నాలుగో అంతస్తు వంతెనకి సరిగ్గా కిందే రెండో అంతస్తుది. రెండూ కప్పునుంచి ఇనుపకడ్డీలకి వేలాడేవి. మొదటి ప్లానులో కడ్డీ ఒకటే, వంతెనకో నట్టు. అయితే పై నట్టుని దాని చోటికి ఎక్కించాలంటే కడ్డీకి కింది భాగమంతా మర చుట్లు ఉండాలి. తయారుచేసే వాళ్ళకది చికాకనిపించి కడ్డీని రెండు చేశారు. కింది వంతెన పై వంతెనకి వేలాడింది. ఆ మార్పుకి లెక్క కట్టిందెవరు? ఇంజనీర్లు వాళ్ళు కట్టారనుకున్నారు, వాళ్ళు వీళ్ళు కట్టారనుకున్నారు. పెళ్ళివంటలో ఉప్పు సంగతే!

1981 జులై 17, శుక్రవారం సాయంత్రం. హాల్లో టీ డాన్సు, వాద్యాలు, వంతెనల మీద చూసేవాళ్ళు. కడ్డీ తెగలేదు. నట్టు ఆనుకున్న దూలమే, రెండు రేకుల్ని ఎదురెదురుగా అతికించిన బోలు దూలం, బరువుకి వంగి విచ్చుకుంది. నట్టు దాన్ని చీల్చుకుని పైకొచ్చేసింది. పై వంతెన కింది వంతెన మీద, రెండూ జనం మీద. 114 మంది పోయారు. రెండువందల మందికి పైగా గాయపడ్డారు.

1982లో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ తేల్చిన మాట ఇంకా ఘోరం. మొదటి ప్లాను సైతం నగర నిబంధన అడిగే బలంలో దాదాపు 60 శాతమే. మార్చాక 30 శాతం! తన బరువు తను మోసుకోవడమే గగనం. ఇద్దరు ఇంజనీర్లకి ఆ రాష్ట్రంలో లైసెన్సులు పోయాయి. జైలుకి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. అది న్యాయమేనా అంటే నాకు నోరు రాదు.

తరువాత ఆ హాల్లో ఒక్క వంతెనే కట్టారు, కిందనుంచి స్తంభాలు నిలబెట్టి.