వెనకాల జాగా లేని గోడ

ఈసారి పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

నైఫ్‌లో మనం రోజూ తిరిగే సందులు చూడండి. కొన్నిచోట్ల రెండు బిల్డింగుల మధ్య చేతిబండి కూడా తిరగదు. అసొంటి జాగాలో పాతది కూలగొట్టి, బేస్‌మెంటుతో కొత్తది లేపాలంటే పక్క బిల్డింగు పునాది పక్కనే నిలువుగా తవ్వాలి. మరి ఆ మట్టి ఎందుకు కూలదు? మనుషులు ఈ పని నేర్చుకోవడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది.

మన ఊరి చెరువుకట్టకు ఆ బాధ లేదు. జాగా ఉంటది కాబట్టి వాలుగా మట్టి పోసి రాయి పేర్చారు. బావికి జాగా తక్కువ. అందుకే మన పెద్దలు గుండ్రంగా తవ్వి రాతితో కట్టారు. చుట్టూ మట్టి నెట్టే కొద్దీ రాళ్లు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. వెనకాల జాగా అక్కర్లేని గోడ మన ఊళ్లోనే ఉంది, కాని దాన్ని లెక్కగట్టి రాసినోళ్లు లేరు.

లెక్క రాసినాయన కూలుంబ్ అనే ఫ్రాన్సు ఆర్మీ ఇంజినీరు. ఈయన కూడా మనలాగే ఊరు వదిలి, సముద్రం అవతల మార్టినిక్ దీవిలో ఎనిమిదేళ్లు కోట కట్టించినోడే. అక్కడ ఆరోగ్యం పాడైంది. తిరిగొచ్చాక మట్టి గోడను ఎంత బలంగా నెడుతుందో 1773లో పారిస్‌లో చదివి వినిపించాడు, 1776లో అచ్చయింది. సారం ఇది: లోతు పెరిగే కొద్దీ ఒత్తిడి పెరుగుతది. 3 మీటర్ల గోడను 6 మీటర్లు చేస్తే మట్టి నెట్టే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. గోడను పడదోసే బలం ఎనిమిదింతలు.

మామూలు కాంక్రీటు రిటైనింగ్ వాల్‌కు అడుగున ఫుటింగ్ వెనక్కి పోవాలి. దాని మీద కూర్చున్న మట్టి బరువే గోడను పట్టుకుంటది. 6 మీటర్ల గోడకు సుమారు 3 నుంచి 4 మీటర్ల ఫుటింగ్ కావాలి. నైఫ్‌లో ఆ నాలుగు మీటర్లలో పక్కోడి వంటగది ఉంటది!

అందుకే ఆలోచన తిరగబడింది: తవ్వి గోడ కట్టడం కాదు, ముందు గోడ దింపి తర్వాత తవ్వాలి. 1902లో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో లార్సెన్ అనే ఇంజినీరు, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే ఉక్కు షీట్ పైల్ తెచ్చాడు. అదే పద్ధతి మన పక్కనున్న క్రీక్‌కూ వచ్చింది. అప్పట్లో క్రీక్ ఇసుకతో పూడిపోయి పడవలు రాలేని పరిస్థితి. షేక్ రాషిద్ కువైట్ నుంచి అప్పు తెచ్చి, హాల్‌క్రో కంపెనీ ప్లానుతో పని మొదలుపెట్టించారు. 1961కల్లా 7 అడుగుల లోతు నీళ్లు కావలసిన పడవ కూడా ఎప్పుడైనా లోపలికి రాగలిగింది. ఒడ్డు నిలవకపోతే తవ్విన కాలువ మళ్లీ పూడిపోయేది. దేరా బజారు తిండి అంతా ఆ నీళ్ల మీద నుంచే వచ్చింది.

కాని షీట్ పైల్ కొడితే చప్పుడు, అదురు. పాత ఇళ్లకు పగుళ్లు వస్తాయి. దీనికి దారి ఇటలీలోని మిలాన్‌లో దొరికింది. సన్నగా లోతుగా కందకం తవ్వుతూ అందులో బెంటొనైట్ బురద నింపుతారు. ఆ బురదే మట్టిని కూలకుండా ఆపుతది. తర్వాత కడ్డీల జాలి దింపి, కిందినుంచి కాంక్రీటు పోస్తే బురద పైకి వచ్చేస్తది. 1964లో మొదలైన మిలాన్ మెట్రోను ఇరుకు వీధుల కింద ఈ డయాఫ్రం వాల్‌తోనే కట్టారు. బోర్లు పక్కపక్కన, ఒకదాన్నొకటి కోసుకుంటూ వేస్తే అది సీకెంట్ పైల్.

గోడ దింపినంత మాత్రాన అయిపోదు, దాన్ని పట్టుకోవాలి. వెనక్కి యాంకర్ కొట్టాలంటే అది పక్కోడి జాగా కిందికి పోతది, అనుమతి కావాలి. అనుమతి లేకుంటే లోపలే ఉక్కు స్ట్రట్లు అడ్డం పెట్టాలి. అవి మన పనికి అడ్డమే, కాని మన ప్రాణం వాటి మీదే ఉంటది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు నీళ్లు. పొడి ఇసుక ప్రతి మీటరు లోతుకు చదరపు మీటరు మీద సుమారు 600 కిలోల ఒత్తిడి పెంచితే, ఒక్క నీళ్లే 1000 కిలోలు పెంచుతాయి. 2007 ఫిబ్రవరిలో దుబాయ్ మరీనాలో ఇన్ఫినిటీ టవర్, అదే ఇప్పటి కయాన్ టవర్, గుంత తవ్వకం అయ్యాక నీటిని ఆపే గోడ తెగింది. గుంతంతా మునిగింది. లోపలున్న కార్మికులు బయటపడ్డారు, ప్రాణాలు పోలేదు. పని చాలాకాలం వెనకబడింది, చివరికి టవర్ 2013లో తెరుచుకుంది.

కాబట్టి గుంతలో దిగే తమ్ముళ్లు నాలుగు గుర్తులు చూడండి. గోడ సందుల్లోంచి తేట నీళ్లు కారితే ఫోర్‌మన్‌కు చెప్పండి. నీళ్లతో ఇసుక వస్తుంటే చెప్పడానికి ఆగొద్దు, ముందు పైకి ఎక్కండి. వెనకాల ఇసుక ఖాళీ అవుతోందని అర్థం. పైన నేల మీద గోడ పొడవునా పగులు కనిపించినా, స్ట్రట్ కిర్రుమన్నా అంతే. ఇంజినీరు చెప్పకుండా ఎవరైనా స్ట్రట్ తీయమంటే చేయి పెట్టొద్దు. గుంత అంచున ఇనుము, ఇసుక కుప్పలు పోయొద్దు, ఆ బరువు కూడా గోడ మీదికే వస్తది.

గుంతలో దిగేముందు పైకి ఎక్కే నిచ్చెన ఎక్కడుందో చూసుకొని దిగండి.