మాగ్నాఫ్లక్స్

పాత ఇంజిన్లు బాగుచేసే అమెరికా మెకానిక్ షాపుల్లో "బ్లాకును మాగ్నాఫ్లక్స్ చేయించారా?" అన్నది మామూలుగా వినబడే ప్రశ్న. పగుళ్లేమైనా ఉన్నాయేమో చూయించారా అని దాని అర్థం. నిజానికి అదొక కంపెనీ పేరు. అయస్కాంతంతో బిగించి సానపట్టిన ఉక్కు ముక్కల మీద రజను ఒక్కోచోట గీతలా పేరుకోవడం 1920లలో విలియం హోక్ గమనించాడు. ఆ గీతల కిందే పగుళ్లున్నాయి! ఆల్‌ఫ్రెడ్ డి ఫారెస్ట్, ఫాస్టర్ డోన్ దాన్ని కార్ఖానాలకు పనికొచ్చే పరీక్షగా మలిచారు. 1934 నాటికి వాళ్ల సంస్థ ఈ పేరుతో నిలబడింది.

పేరులోని "మాగ్నా" మాగ్నెట్ నుంచి వచ్చింది, "ఫ్లక్స్"కు లాటిన్ మూలం, అర్థం ప్రవాహం. పరీక్ష జరిగే తీరంతా అందులోనే ఉంది. ఉక్కులో సాఫీగా సాగే అయస్కాంత ప్రవాహం పగులు దగ్గర బయటికి పొంగుతుంది. చల్లిన ఇనుప పొడి సరిగ్గా అక్కడే అంటుకుంటుంది. కంటికి ఆనని చీలిక నల్లటి గీతై తేలుతుంది. ఎంత చక్కటి ఉపాయం! ప్రవాహం వెంబడే సాగిన పగులు మాత్రం దొరకదు. అందుకే దిశ మార్చి రెండోసారి చూసి తీరాలి, తొందరలో ఆ పని ఎగ్గొట్టకూడదు. రాగి, అల్యూమినియం మీద ఇది పనిచెయ్యదు.

మన రైల్వే డీజిల్ షెడ్లలోనూ ఈ మాటే వాడుక.