గిబ్బను సరస్తీరవాసము

విశ్రాంతి, ఆశ్రమము అను రెండు శబ్దములును శ్రమ్ ధాతువునుండియే పుట్టినవి. ఆ ధాతువునకుఁ దపస్సనియు ఖేదమనియు రెండర్థములు ధాతుపాఠమునఁ జెప్పఁబడియున్నవి. వి యను నుపసర్గము చేరినపుడు ఖేదము తొలఁగుట యను నర్థము వచ్చును. ఆఙ్ చేరినపుడు తపస్సు చేయు చోటను నర్థము స్ఫురించును. కొలువు చాలించి చిన్న యూరఁ జేరఁగోరు పెద్దలు, తాము కోరునది వీనిలో నేదియో నిశ్చయింపకయే పయనమగుట లోకమున సామాన్యము. ఈ భేదమును విశదము చేయఁదగిన నిదర్శనము పాశ్చాత్య చరిత్రకారులలో నగ్రగణ్యుఁడగు ఎడ్వర్డు గిబ్బను జీవితమునఁ గలదు. ఆతఁడు క్రీ. శ. 1783 వ సంవత్సరమున లండను నగరమును విడిచి, లేమాను సరస్తీరముననున్న లోసాను అను చిన్న పట్టణమునఁ గాపురముండి, రోమక సామ్రాజ్య క్షీణపతన చరిత్రమును ముగించెను. ఆ సరస్తీరమే యా గ్రంథమును బూర్తి చేయించినదని తలఁచుట సులభము. అది యెంతవఱకు నిజమో తేదీలను బట్టి విచారింపవలసియున్నది.

లోసాను గిబ్బనునకుఁ గ్రొత్తది కాదు. 1737 లో జన్మించిన యాతఁడు 1752 లో ఆక్సుఫర్డు విద్యాపీఠమునఁ జేరి, మఱుచటి యేఁట రోమను కాథలిక్కు మతమును స్వీకరించెను. ఆ కాలమున నట్టివారి కా విద్యాపీఠమునఁ దావు లేకుండెను. తండ్రి కోపించి, పదునాఱేండ్ల కుమారుని లోసానులోఁ బవిల్యారు అను ప్రొటెస్టెంటు మతబోధకుని యింట నుంచెను. ఆ సీమ యప్పుడు బెర్ను ప్రభుత్వమువారి యేలుబడిలో నుండెను. ప్రజల భాష ఫ్రెంచి. భాష రాని దేశము, చేతఁ జాలినంత ధనము లేమి, కన్నవారి కోపము, ఈ మూఁడును గూడిన యా ప్రవాసమే యాతనికి గురుకులవాసమయ్యెను. రమారమి యైదేండ్లలో నాతఁడు లాటిను గ్రంథములను గ్రమముగాఁ బఠించెను. ఫ్రెంచి భాషలో భావించుటకు నేర్చెను. 1754 వ సంవత్సరపుఁ గ్రిస్మసునాఁడు మరల ప్రొటెస్టెంటు మతమునఁ గలిసెను. జార్జి దేవెర్దూను అను నచ్చటి యువకుఁడు ప్రాణమిత్రుఁడయ్యెను. సుజాను కుర్షో అను కన్యను వలచెను గాని, తండ్రి సమ్మతింపమి నా వివాహము పొసఁగలేదు. 1758 లో స్వదేశమునకు మరలెను. 1763 లో ఇటలీకిఁ బోవుచు మఱియు నించుమించుగఁ బదునొకండు మాసము లచ్చట నిలిచెను. కావునఁ దరువాతి కాలమున నాతఁడు లోసానును గోరుటకుఁ గారణము సరస్సు సౌందర్యము మాత్రమే కాదు. అది యాతఁడు విద్యార్థియైన చోటు.

1764 అక్టోబరు 15 వ తేదీన రోము నగర శిథిలముల నడుమఁ గూర్చుండియుండఁగా నా నగర పతనమును వ్రాయవలెనను సంకల్పము కలిగినట్లు గిబ్బను తన స్వీయచరిత్రమునఁ జెప్పుకొనెను. గ్రంథము మొదటి సంపుటము 1776 లోను, రెండు మూఁడు సంపుటములు 1781 లోను వెలువడినవి. 1774 లో నాతఁడు పార్లమెంటు సభ్యుఁడయ్యెను గాని, సభలో నొక్కనాఁడును నోరు విప్పి ప్రసంగింపలేదు. 1779 లో వర్తకమండలిలో నుద్యోగము లభించెను. దానివలన నేఁటేఁట 700 పౌనులకుఁ బైగా వచ్చుచుండెను. 1782 లో ఎడ్మండు బర్కు నడపిన వ్యయసంస్కరణముచే నా మండలియే రద్దయ్యెను. మిగిలిన యాదాయము లండనులో నాతని యంతస్తున కనుగుణముగా బ్రతుకుటకుఁ జాలకుండెను. ఇది వైరాగ్యముచేఁ గలిగిన నిష్క్రమణము కాదు. లెక్క చూచుకొని చేసిన ప్రయాణము.

1783 లో నాతఁడు దేవెర్దూనునకు జాబు వ్రాసెను. అప్పటి కా మిత్రునకు బంధువువలన సంక్రమించిన యొక గృహము లోసానులో నుండెను. లా గ్రోత్ అని దానికిఁ బేరు. పెరటిలోఁ దోఁటయు, తోఁటకు దిగువను సరస్సును, ఆవలి యొడ్డున సవాయి పర్వతములును గానవచ్చుచుండెను. ఇల్లు మిత్రునిది, ఇంటి వ్యయము గిబ్బనుది యని యొడంబడిక జరిగెను. ఆతఁ డా సంవత్సరము సెప్టెంబరు 27 వ తేదీన లోసాను చేరెను. అప్పటి కాతని వయస్సు నలువదియాఱేండ్లు. రాజధానిలో సంకటపడుటకంటె నచ్చట సంపన్నుఁడుగా నుండుట యాతనికి మేలుగాఁ దోఁచెను.

ఇఁకఁ దేదీలను బరిశీలింపవలెను. నాలుగవ సంపుటము 1782 మార్చిలోనే లండనులో నారంభమై, 1784 జూనులో లోసానునఁ బూర్తియయ్యెను. కాఁపురము మార్చుటవలన దినదినము సాగు పని తెగి, ఒక సంవత్సరకాలము పోయినదని గిబ్బనే వ్రాసికొనెను. అనఁగా సరస్తీరము చేరిన వెంటనే గ్రంథము ముందునకు సాగలేదు, ఆఁగినది. పిమ్మట నైదవ సంపుటము 1784 జూలై మొదలు 1786 మే 1 వఱకును, ఆఱవది యా మే 18 మొదలు 1787 జూను 27 వఱకును వ్రాయఁబడెను. ఈ వేగమునకుఁ గారణము నియమము. లోసానులోఁ దనకుఁ గావలసిన గ్రంథములు దొరకవని యెఱిఁగి యాతఁడు తన పుస్తకములను రప్పించుకొనెను. ఆ కాలపుఁ బేకముక్కల వెనుకవైపు తెల్లగా నుండెడిది. వానిపైఁ బుస్తకముల పేళ్లు వ్రాయించి పట్టికగాఁ గూర్చుకొనెను. వ్రాఁత సామాన్యముగాఁ బ్రాతఃకాలముననే ముగియును; సాయంకాలము మిత్రగోష్ఠికి విడువఁబడును. కడపటి శీతకాలమున మాత్రము, ఒక నెల యాలస్యమైన నచ్చు ఒక యేఁడు వెనుకఁబడునని లెక్కించి, యా సాయంకాలములను గూడఁ బనికే వినియోగించెను. శ్రమ్ ధాతువునకుఁ గల మొదటి యర్థ మిచ్చటఁ గానవచ్చుచున్నది.

1787 జూను 27 వ తేదీ రాత్రి పదునొకండు పండ్రెండు గంటల నడుమ, తోఁటలోని చిన్న మంటపమునఁ గడపటి వాక్యమును వ్రాసి కలము దించెను. పిదప అకేసియా చెట్ల క్రింది బాటలో నిటునటు పచారు చేసెను. వెన్నెల సరస్సుపైఁ బడుచుండెను. మొదట విడుదల దొరకిన సంతోషము. వెంటనే చిరకాల సహచరుని శాశ్వతముగాఁ బాసిన విచారము. ఈ రెండును దన్నావరించినట్లు స్వీయచరిత్రమునఁ దెలిపియున్నాఁడు.

చివరి మూఁడు సంపుటములు 1788 మే 8 వ తేదీన, నూతన పంచాంగము ననుసరించి యాతని జన్మదినమున, లండనులో వెలువడినవి. అచ్చుపని ముగించుకొని యాతఁ డా జూలైలో లోసానునకు మరలి వచ్చెను. నిజమైన విశ్రాంతి యిప్పుడే మొదలయ్యెను. సరస్సు అదియే, గృహ మదియే, పుస్తకము లవియే. కాని 1789 జూలై 4 వ తేదీన దేవెర్దూను మరణించెను. పది దినములకుఁ బారిసులో బాస్తీలు దుర్గము పడెను. ఫ్రాన్సునుండి పాఱిపోయి వచ్చిన ప్రభువులతో లోసాను నిండెను. 1792 లో ఫ్రెంచి సేన సవాయిని బట్టుకొనఁగా నావలి యొడ్డే శత్రుసీమవలెఁ దోఁచెను. ఆతని దేహమును వాతరోగము పీడించుచుండెను. ఈ యైదేండ్లలో గిబ్బను స్వీయచరిత్రమును వ్రాయఁ బూని యాఱుమాఱు లారంభించెను. ఒక్కటియుఁ బూర్తి కాలేదు. నాలుగేండ్లలోపల రెండు మహాసంపుటములను ముగించి, మూఁడవదానిఁ గడముట్టించిన చేయి, స్వజీవితమును మాత్రము ముగింపలేకపోయెను. దేశక్షోభమును రోగమును గొంత కారణములే యగును. అయినను మిత్రుఁడును నియతకార్యమును లేని యింట సరస్సొక్కటియే యా లోటును దీర్పలేదనుట స్పష్టము.

1793 లోఁ దన యాప్తుఁడగు షెఫీల్డు ప్రభువు భార్య మరణించెనని విని, యుద్ధము సాగుచున్నను లెక్క సేయక, గిబ్బను మే మాసమున లోసాను వీడి యింగ్లండునకుఁ బోయెను. మరల రాలేదు. 1794 జనవరి 16 వ తేదీన లండనులో మరణించెను. ససెక్సు మండలములోని ఫ్లెచింగు గ్రామమున షెఫీల్డు వంశమువారి సమాధిగృహమున నాతని దేహ ముంచఁబడెను. ఆ ప్రభువే యాఱు ప్రతులను గలిపి కూర్చి 1796 లో స్వీయచరిత్రమును బ్రకటించెను. లోసానులోని పుస్తకభాండారమును విలియము బెక్‌ఫర్డు కొనెను. తరువాత నది చెదరిపోయెను. 1816 లో బైరను కవి యా తోఁటను దర్శించి అకేసియా రెమ్మను గోసికొనెను. 1896 లో నా గృహము పడఁగొట్టఁబడి, యా చోటఁ దపాలా కార్యాలయము వెలసెను.

కావున గిబ్బను చరిత్రమువలనఁ దేలిన యర్థ మిది. లోసానునకుఁ బోవునపు డాతఁడు చేత సగము పనిని, ఇంట నొక మిత్రుని, నడచుట కొక నియమమును గలిగి పోయెను. అందుచే నది యాశ్రమమయ్యెను. ఆ మూఁటిలో నొక్కొక్కటియే తొలఁగఁగా నది కేవల విశ్రామస్థానముగా మిగిలెను. అప్పు డొక యాప్తుని దుఃఖము పిలువఁగనే యాతఁడు దానిని విడిచెను. సరస్తీరవాసము గోరువారు మొదట విచారింపవలసినది యూరి యందమును గాదు, అచ్చటికిఁ దాము వెంటఁ గొనిపోవు కార్యమును.