కరణముల కవిలెలు, కరవుసీమ చరిత్ర

పండమేటికి అడ్డముగా కట్టబడి, ఒక కొన బుక్కరాయసముద్రమును, వేఱొక కొన అనంతసాగరమును గల అనంతపురపు చెఱువును పదునాలుగవ శతాబ్దిలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు నిర్మించెననియు, ఒకానొకప్పుడు కట్టకు గండిపడి ఊరు మునుగు ఆపద వాటిల్లగా బసిరెడ్డి కోడలు ముసలమ్మ ఆ గండిలో ఆత్మార్పణము గావించెననియు ఈ సీమలో పెద్దలు చెప్పగా వినని వారు అరుదు. హండె నాయకుల ఏలుబడి సంగతులతోపాటు ఈ కథయు చేరియున్న అనంతపుర చరిత్రను, రమారమి 1750 మొదలు 1810 వఱకు తెలుగున వ్రాయబడినదానిని, బ్రౌను దొర 1853లో మదరాసున అచ్చువేయించి, తానే ఆంగ్లీకరించెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలో రచించిన ‘ముసలమ్మ మరణము’నకు ఆ గ్రంథమే మూలము. ఆ వ్రాతప్రతి చెదలపాలై యుండినచో ఆధునికాంధ్ర కావ్యములలో మొదట ఎన్నదగిన కృతి ఒకటి మనకు లేకపోయెడిది.

ఈ విధమైన వ్రాతలను వెదకి కూర్చిన కాలిన్ మెకంజీ, స్కాట్లండునకు పడమటి సముద్రమునందలి లూయిస్ ద్వీపమున 1754లో జన్మించిన వాడు. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి ఒప్పగించిన పిమ్మట, మన్రో అనంతపురమున కలెక్టరై కూర్చుండి శిస్తు లెక్కలు తేల్చెను; ఆ దశాబ్ది కడపట మెకంజీ పర్యవేక్షణలో ఈ మండలముల సర్వే ఆరంభమాయెను. అయినను నేను కీర్తిలో పెద్దపాలు ఆయనకు ఈయజాలను. ఏలూరునుండి వచ్చిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, వారివంటి గుమాస్తాలును ఊరూర తిరిగి కరణములను అడిగి వ్రాయించిరి. అడిగినది చెప్పుటకు కరణముల యింట ఊరి లెక్కలు, పూర్వవృత్తాంతములు వ్రాసియుంచిన దండకవిలెలు ఉండెను. వానినుండి పుట్టినవే కైఫియత్తులను గ్రామవృత్తాంతములు.

ఆ కరణము చేతిలోని కడతమును చూచిన వారు నేడు కొలదిమంది. బట్టకు చింతగింజల అంబలిలో కలిపిన బొగ్గుపొడి దట్టముగా పట్టించి, ఆరబెట్టి, మడతలు మడతలుగా పుస్తకమువలె అమర్చి, దానిపై తెల్లని బలపముతో లెక్కలు వ్రాసెడివారు. తడిగుడ్డతో తుడిచిన అక్షరము పోవును. మరల మసిపూసిన క్రొత్తపుట అగును. ఇట్టి సాధనముపై నిలిచిన జ్ఞాపకమునకు తిరిగి నకలు వ్రాసికొను అలవాటు తప్ప వేఱు రక్ష లేదు. 1821లో మెకంజీ మరణించిన తరువాత, సేకరించిన కాగితములు పురుగుపట్టి శిథిలమగుట చూచి బ్రౌను పండితులచేత వానికి ప్రతులు వ్రాయించెను.

1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దాయెను. అది రావలసిన మార్పే; కాని దానితో గ్రామచరిత్రను కనిపెట్టి యుండు బాధ్యత ఎవ్వరిదియు కాకపోయెను. సాలున సగటున రమారమి అయిదువందల యేబది మిల్లీమీటర్ల వానయే ఎఱిగిన ఈ పీఠభూమిలో, బోరు ఎండినప్పుడెల్ల బెంగుళూరికి మూటకట్టు కుటుంబములు బియ్యము, పాత్రలు కొనిపోవుదురు గాని, అటకమీది పాత దస్తావేజుల పెట్టెను కొనిపోరు. ఇల్లు కూలినప్పుడు పెట్టెయు మట్టిలో కలియును. ధాత నామ సంవత్సరపు కరువునాడు ఏ యింటివారు ఏ ఊరికి వలసపోయిరో, ఏ చేను ఎవరికి తాకట్టాయెనో తెలుపు కాగితములు అందులో ఉండవచ్చును.

మెకంజీ పుట్టిన లూయిస్ ద్వీపమున, నెస్ అను పల్లెల సముదాయమువారు 1977లో తమంత తాముగా చరిత్ర సంఘము నెలకొల్పుకొని, పాత ఛాయాచిత్రములను, వృద్ధుల మాటలను, కుటుంబముల వృత్తాంతములను కూర్చుకొనుచున్నారు. వారికి మరియొక మెకంజీ రావలసిన పని కలుగలేదు. మనకును అక్కఱలేదు; ఇట్టి పనికి పూనుకొనువారు మనలోనే గలరు. కడపలోని బ్రౌను గ్రంథాలయమునకు ప్రాణము పోసిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మన రాయదుర్గమున పుట్టినవారే.

చదువరులారా, మీ యింట పట్టాలు, తాకట్టు పత్రములు, కవిలెకట్టలు, జాతకములు ఉన్నయెడల పాతసామానువానికి ఈయకుడు. మొదట ఫోటోలు తీయించి, ఏ కాగితము ఎవరిదో, ఏ ఊరిదో ఇంటి పెద్దల నడిగి వెనుక వ్రాసియుంచి, ఒక ప్రతిని ఊరి బడికో గ్రంథాలయమునకో అప్పగింపుడు. పెద్దలు చెప్పగలిగియున్నప్పుడే ఆ పని కావలెను.